నల్లులు పట్టిన ఇంటికి ఏ దారి మంచిది? ఎండ, ఆవిరి, స్ప్రే, పొడి, పెస్ట్ కంట్రోల్: ఒక పోలిక

మా బాబు మెడ వెనక వరసగా మూడు దద్దుర్లు కనబడితే దోమలే అనుకున్నాం. కిటికీలకు మెష్ కొట్టించాం. ఇరవై రోజుల తర్వాత ఒక ఆదివారం దుప్పటి మారుస్తుంటే పరుపు కుట్టు వెంట పెన్నుతో చుక్కలు పెట్టినట్టు నల్లటి మచ్చలు కనిపించాయి. కుట్టు మడత విప్పి చూస్తే నల్లులు. అంతకు నెల ముందు తెలిసినవాళ్ల దగ్గర కొన్న పాత దివాన్‌తో వచ్చాయని తర్వాత అర్థమైంది.

ఆ తర్వాత నాలుగు నెలలు మేము చేయని పని లేదు. స్ప్రే కొట్టాం, పరుపు డాబా మీద ఎండేశాం, పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచాం, చివరికి కొత్త పరుపు కొన్నాం. వీటిలో చాలావరకు పనికొచ్చేవే. మేము వాటిని తప్పు వరసలో చేశాం, ఒక్కొక్కటీ ఒక్కసారి చేసి వదిలేశాం. అందుకే ప్రతిసారీ పదిహేను రోజులు ప్రశాంతంగా ఉండి మళ్లీ మొదటికొచ్చేది. ఇప్పుడు అదే టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఆ నాలుగు నెలలు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

## ముందు అవి నల్లులేనని తేల్చుకోండి

దద్దుర్లు చూసి నిర్ణయానికి రాకండి. ఒకే మంచం మీద పడుకున్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా పొంగవచ్చు, ఇంకొకరికి ఏమీ కనబడకపోవచ్చు. కుట్టిన చాలా రోజులకు గానీ దద్దురు రానివాళ్లూ ఉన్నారు. దోమలు, గజ్జి, ఎలర్జీ కూడా ఇలాగే కనబడతాయి.

నమ్మదగిన గుర్తులు మంచంలోనే దొరుకుతాయి. ఎదిగిన నల్లి కందిబద్దంత ఉంటుంది, చదునుగా, గోధుమరంగులో. రక్తం తాగాక ఉబ్బి ఎర్రబడుతుంది. గుడ్డు మిల్లీమీటరు పొడవు, బొంబాయి రవ్వ పలుకులా తెల్లగా ఉండి చెక్కకో గుడ్డకో అంటుకుపోయి ఉంటుంది. వీటితో పాటు విడిచిన కుబుసాలు, నల్లటి మచ్చలు ఉంటాయి. ఆ మచ్చ అరిగిన రక్తం. తడిగుడ్డతో రుద్దితే సిరాలా పాకుతుంది.

పరుపు కుట్లు, మంచం తలవైపు పలక వెనక, ప్లైవుడ్ అతుకులు, స్క్రూ రంధ్రాలు, నవారు మడతలు, పక్కనున్న కర్టెన్, గోడకు తగిలించిన క్యాలెండర్ వెనక భాగం, స్విచ్‌బోర్డు అంచు, ఈ వరసలో టార్చితో వెతకండి. మొదట్లో మంచానికి దగ్గరలోనే ఉంటాయి. ఇల్లంతా పాకేది బాగా పెరిగాకే.

ఇంకో మాట. ఇది మురికి వల్ల వచ్చే తెగులు కాదు. నల్లికి కావాల్సింది మనిషి రక్తం, దాక్కునేందుకు ఒక సందు, అంతే. ఫ్రాన్స్‌లో 2017 నుంచి 2022 మధ్య నూటికి 11 ఇళ్లలో నల్లులు పడ్డాయని ఆ దేశపు ఆరోగ్య భద్రతా సంస్థ లెక్కగట్టింది. సిగ్గుపడి పక్కింటివాళ్లకు, ఇంటి ఓనరుకు చెప్పకుండా దాచడం వల్లే ఇవి అంతస్తులు దాటుతాయి. ఇవి మనుషులకు రోగాలు మోస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు. దురద, గోకితే పుండ్లు, నిద్రలేమి మాత్రం నిజం. నిద్రలేమి చిన్న బాధ కాదు.

## ఏ పద్ధతినైనా కొలవాల్సింది గుడ్డుతో

ఆడ నల్లి రోజుకు ఒకటి నుంచి ఐదు గుడ్లు పెడుతుంది, జీవితకాలంలో కొన్ని వందలు. మన వాతావరణంలో అవి ఆరు నుంచి పది రోజుల్లో పగులుతాయి. పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతి కుబుసానికి ముందు దానికి ఒక్కసారైనా రక్తం కావాలి. వేడి, రక్తం రెండూ అందుతుంటే గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దశకు చేరడానికి దాదాపు ఐదారు వారాలు.

ఈ లెక్కను క్యాలెండర్ మీద పెట్టి చూడండి. ఈరోజు కంటికి కనబడే నల్లులన్నీ చంపారనుకుందాం. గుడ్లు మిగిలాయి. పదో రోజుకల్లా అవన్నీ పిల్లలవుతాయి. ఆవగింజకన్నా చిన్నవి, లేత రంగువి, రక్తం తాగేదాకా కంటికి ఆనవు. మీరు "పోయాయి" అనుకుని ఊపిరి పీల్చుకునేది సరిగ్గా ఈ రోజుల్లోనే. నెల దాటాక అవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అంటే పదో రోజుకూ నెలకూ మధ్య మీకు ఒక మంచి అవకాశం ఉంది: గుడ్లన్నీ పగిలాయి, కొత్త గుడ్లు ఇంకా లేవు. రెండో విడత పని ఆ రోజుల్లో పడితే నల్లుల వంశం అక్కడితో ఆగుతుంది. పడకపోతే మళ్లీ ఒకటో రోజే.

కాబట్టి ఏ పద్ధతినైనా నేను అడిగే మొదటి ప్రశ్న, ఇది గుడ్డును చంపుతుందా? చంపకపోతే రెండోసారి, మూడోసారి చేయగలిగేంత చవకా, తేలికా?

రెండోది, దాక్కున్నచోటికి అది చేరుతుందా. నల్లి రక్తం తాగేది పది నిమిషాల లోపు. మిగతా కాలమంతా కార్డు ముక్క దూరేంత సందులో ఉంటుంది. గది మధ్యలో కొట్టే ఏ మందైనా అక్కడ లేనివాటి మీద కొట్టినట్టే.

మూడోది, ఆ గదిలో పడుకునేది ఎవరు. పసిపిల్లలు, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు, గర్భిణులు ఉన్న ఇంటికి, ఒంటరిగా ఉండే ఉద్యోగి గదికి ఒకే సలహా చెల్లదు. పిల్లిని పెంచుకునేవాళ్లు, చేపల తొట్టి ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకు ప్రాణాంతకం. ఆ జాతి మందులన్నీ చేపలకు విషమే.

నాలుగోది మన దగ్గర కాస్త ప్రత్యేకం. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికా, యూరప్ ఇళ్లలో ఉండే సైమెక్స్ లెక్టులారియస్ అనే నల్లి జాతి గురించి రాసినవి. మన వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనబడేది దాని దాయాది సైమెక్స్ హెమిప్టెరస్. ఎక్కువ విషయాల్లో తేడా లేదు. ఒక్క చోట మాత్రం ఉంది, అది మంచం కోళ్ల కింద పెట్టే గిన్నెల దగ్గర చెబుతాను.

| దారి | గుడ్లు చస్తాయా | సందుల్లోకి చేరుతుందా | పసిపిల్లల ఇంటికి | ఖర్చు | శ్రమ |
|---|---|---|---|---|---|
| ఎండ | కవర్లో కట్టిన చిన్న సామానులో, ఎండాకాలంలో అవును | పరుపు లోపలికి చేరదు | మంచిది | లేదు | ఎక్కువ |
| మరుగునీళ్లు | తగిలితే అవును | ఇనుప, నులక మంచాల్లో చేరుతుంది | పిల్లల్ని దూరంగా ఉంచి | లేదు | మధ్యస్థం |
| ఆవిరి యంత్రం | తగిలితే అవును | కుట్లు, పై సందుల వరకు | మంచిది | ఒక్కసారి పెట్టుబడి | చాలా ఎక్కువ |
| షాపు స్ప్రే | నమ్మలేం | నేరుగా తగిలితేనే | పరుపు మీద వద్దు | తక్కువ | తక్కువ |
| నల్లిని ఎండబెట్టే పొడి | లేదు, పుట్టిన నల్లిపిల్లల్ని చంపుతుంది | బాగా చేరుతుంది | అందని సందుల్లో మాత్రమే | తక్కువ | మధ్యస్థం |
| పెస్ట్ కంట్రోల్ | ఎక్కువగా కాదు, అందుకే రెండో విడత | మనిషిని బట్టి | ఆరేదాకా ఇల్లు వదలాలి | ఎక్కువ | ముందు సర్దుడు ఎక్కువ |
| జిప్ కవరు, గిన్నెలు | చంపవు, బంధిస్తాయి | పరుపు వరకు పూర్తిగా | చాలా మంచిది | మధ్యస్థం | తక్కువ |

## ఎండ, మరుగునీళ్లు

మన అమ్మమ్మల పద్ధతి ఇదే. వేసవిలో నులకమంచాన్ని వాకిట్లో నిలబెట్టి, కోళ్ల బెజ్జాల్లో మరుగునీళ్లు పోసి, కర్రతో కొట్టి, రోజంతా ఎండలో ఉంచేవాళ్లు. ఆ మంచానికి అది పూర్తిగా సరైన వైద్యం. సందులన్నీ బయటికే ఉంటాయి, మరుగునీళ్లు నేరుగా గుడ్డు మీద పడతాయి, చెక్క గట్టిది కాబట్టి పాడవదు. ఇనుప మంచానికి కూడా ఇది పనికొస్తుంది.

ఇప్పటి ప్లైవుడ్ దివాన్‌కు, ఫోమ్ పరుపుకు ఇదే చేస్తే దివాన్ ఉబ్బుతుంది, పరుపు కుళ్లు వాసన కొడుతుంది.

ఎండ విషయంలో లెక్క చూడండి. 48 డిగ్రీల దగ్గర నల్లి, గుడ్డు రెండూ చావడానికి గంటన్నర వరకు పడుతుంది. 55 డిగ్రీలు దాటితే ఎక్కువసేపు అక్కర్లేదు. మే నెల డాబా మీద పరుపు పైభాగం ఆ వేడికి చేరవచ్చు. కానీ పరుపు మందం లోపల చేరదు. పైన కాలుతుంటే నల్లులు చల్లగా ఉన్న అడుగు వైపుకు నడుస్తాయి. మేము మూడు రోజులు తిప్పి తిప్పి ఎండేశాం. పరుపును మెట్ల మీదుగా మోస్తూ కొన్నింటిని దారిపొడవునా రాల్చుకున్నాం కూడా.

ఎండ బాగా పనిచేసేది చిన్న సామానుకు. బొమ్మలు, చెప్పులు, బ్యాగులు, దిండ్లను నల్లటి పాలిథిన్ కవర్లో పలచగా వేసి, మూతి గట్టిగా కట్టి ఎండలో పెట్టండి. కారు ఉంటే కిటికీలన్నీ మూసి మధ్యాహ్నపు ఎండలో కారులో పెట్టడం ఇంకా మేలు. కవరు మధ్యలో ఒక థర్మామీటరు పెట్టి, యాభై దాటి రెండు మూడు గంటలు ఉందో లేదో చూసుకోండి. వానాకాలంలో, చలికాలంలో ఈ దారి మరిచిపోండి.

బట్టలకు ఎండకన్నా నీళ్ల వేడి నమ్మదగినది. వాషింగ్ మెషీన్లో 60 డిగ్రీల సెట్టింగ్ ఉంటే చాలు. లేకపోతే నూలు దుప్పట్లను మరిగే నీళ్లలో నానబెట్టి ఉతకండి. తడపకూడని పట్టుచీరలు, పుస్తకాలు వంటివాటికి చలి కూడా పనిచేస్తుంది. సున్నాకు కింద 18 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచాలి. ఇళ్లలో ఫ్రిజ్ పై అర అంత చల్లగా ఉండకపోవచ్చు కాబట్టి కొలిచి చూసుకున్నాకే నమ్మండి.

## ఆవిరి: నా మొదటి ఓటు దీనికే

మందుకు లొంగని నల్లి ఉంటుంది. వేడికి లొంగని నల్లి ఇంతవరకు లేదు. గుడ్డును అక్కడికక్కడే చంపే పద్ధతుల్లో ఇంట్లో, పిల్లల మధ్య, ఏ కాలంలోనైనా చేయగలిగింది ఆవిరి ఒక్కటే.

చేసే తీరులోనే అంతా ఉంది. గొట్టం కొనకు వెడల్పాటి మూతి తగిలించి, దానికి ఒక గుడ్డ చుట్టండి. లేకపోతే ఆవిరి జోరుకు నల్లులు, గుడ్లు ఎగిరి పక్కకు పడతాయి. కుట్టు వెంట నెమ్మదిగా జరపాలి, అడుగు దూరానికి పది పన్నెండు సెకన్లు. మూతి దాటిన వెంటనే ఆ చోట 70 నుంచి 80 డిగ్రీల వేడి ఉండాలి. గుడ్డ కొద్దిగా చెమ్మగిల్లాలి, తడిసి ముద్దవకూడదు. బట్టలకు ఇస్త్రీ చేసే చిన్న స్టీమర్లు కుట్ల వరకు పనికొస్తాయి కానీ నీళ్లు త్వరగా అయిపోతాయి, వేడి నిలకడగా ఉండదు. నేల తుడిచే రకం పెద్ద యంత్రం మేలు. ఒకటి కొని ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్లు పంచుకుంటే ఖర్చు బరువనిపించదు.

దీని లోటూ చెప్పాలి. ఒక డబుల్ మంచం, పరుపు సరిగ్గా చేయడానికి మాకు మూడు గంటలు పట్టింది. వీపు పట్టేసింది. గోడ లోపలి బీటలకు, ప్లైవుడ్ పొరల మధ్యకు ఆవిరి చేరదు. స్విచ్‌బోర్డుల దగ్గర అసలు వాడకూడదు. ఆ చోట్లకు పొడి కావాలి.

## షాపులో దొరికే స్ప్రే

అందరం ముందు చేసే పని ఇదే, ఎక్కువగా నిరాశపరిచేదీ ఇదే. కారణం పాతది. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటి గోడలకు డీడీటీ కొట్టారు. అది మొదట్లో నల్లుల్నీ చంపింది. కానీ అంతకు ముందే, 1947లోనే, హవాయి పర్ల్ హార్బర్‌లోని సైనికుల బ్యారక్స్‌లో డీడీటీకి చావని నల్లులు బయటపడ్డాయి. ఇప్పుడు షాపుల్లో దొరికే ఇంటి స్ప్రేలు ఎక్కువగా పైరెత్రాయిడ్ జాతివి. డబ్బా మీద సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇమిప్రోత్రిన్ లాంటి పేర్లు చూస్తారు. ఇవి నల్లి నరాల మీద పనిచేసేది డీడీటీ పనిచేసిన చోటే. ఆ చోటు మారిపోయిన నల్లికి రెండూ ఆనవు. వాటి పైపెంకు కూడా మందమవుతోంది.

కాబట్టి స్ప్రే నేరుగా పడ్డ నల్లి చావొచ్చు. ఆరిన మందు మీద నడిచిన నల్లి బతికిపోవచ్చు. గుడ్డు సంగతి చెప్పలేం. మీరు కొట్టిన వాసనకు మిగతావి పక్క గదికి సర్దుకోవచ్చు. మాకు హాల్లో సోఫాకు పట్టింది ఇలాగే.

గది మధ్యలో పెట్టి తలుపులేసి వచ్చే పొగ డబ్బాల మీద డబ్బు పెట్టకండి. ఆ పొగ నేల మీద, పరుపు మీద పడుతుంది, సందుల్లోకి దూరదు. పిల్లలు పడుకునే చోటంతా మందు మిగులుతుంది, నల్లులూ మిగులుతాయి. లక్ష్మణరేఖ లాంటి చాక్‌పీసుల సంగతీ అంతే.

స్ప్రే వాడక తప్పదనుకుంటే మంచం చట్రం అతుకులకు, గోడ అడుగు అంచుకు మాత్రమే. పరుపు మీద, దిండు మీద, పిల్లల ఊయల మీద వద్దు.

## పొడి: నిదానం, కానీ నమ్మకం

డయాటమేషియస్ ఎర్త్ (ఒకరకం మెత్తటి మట్టి పొడి), సిలికా పొడి, ఈ రెండూ విషంలా పనిచేయవు. నల్లి పెంకు మీదున్న మైనపు పూతను పీల్చేస్తాయి, లోపలి తేమ ఆవిరై నల్లి ఎండి చస్తుంది. నరాల మీద పనిచేసే మందు కాదు కాబట్టి డీడీటీకి అలవాటుపడ్డట్టు దీనికి సులభంగా అలవాటుపడవు. గుడ్డును ఏమీ చేయలేదు. కానీ సందులో నెలల తరబడి ఉంటుంది కాబట్టి పుట్టిన పిల్ల దాని మీదుగానే నడిచి రావాలి. మొదటి విడత తర్వాత కాపలా కాసేది ఇదే.

సిలికా వేగంగా పనిచేస్తుంది. డయాటమేషియస్ ఎర్త్‌కు వారాలు పట్టవచ్చు. విశాఖ, మచిలీపట్నం లాంటి చెమ్మ గాలి ఊళ్లలో పొడులన్నీ ఇంకాస్త నిదానిస్తాయి. స్విచ్‌బోర్డు పలక వెనక (మెయిన్ ఆపేశాక), గోడ బీటల్లో, దివాన్ అడుగున మెత్తటి బ్రష్‌తో కంటికి కనబడీ కనబడనంత పలచగా పూయాలి. కుప్పగా పోస్తే నల్లి చుట్టూ తిరిగి పోతుంది. చల్లేటప్పుడు మాస్కు కట్టుకోండి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. పురుగుల కోసమని లేబుల్ ఉన్నదే కొనండి. ఈతకొలను ఫిల్టర్ల కోసం అమ్మే రకం వేరు, అది పీలిస్తే ప్రమాదం.

చాలామంది బోరిక్ పౌడర్ చల్లుతారు. బొద్దింక దాన్ని తిని చస్తుంది. నల్లి రక్తం తప్ప ఏమీ తినదు, అందుకే అది దండగ.

## పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిచేటప్పుడు

రెండు మూడు గదులకు పాకిందంటే ఇక ఒంటరిగా పోరాడకండి, పిలవండి. ఎవరిని పిలవాలన్నదే ప్రశ్న.

మా ఇంటికి మొదట వచ్చినతను ఇరవై నిమిషాల్లో ఇల్లంతా కొట్టేసి, "ఏడాది గ్యారంటీ మేడమ్" అని కాగితం ఇచ్చి వెళ్లాడు. మంచం కూడా తిప్పలేదు. పన్నెండో రోజున మళ్లీ కనబడ్డాయి. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి పిలిచినావిడ ముందు గంటసేపు టార్చితో వెతికింది, దివాన్ విప్పించింది, పదమూడో రోజుకు మళ్లీ వస్తానని అప్పుడే తేదీ రాసిచ్చింది. మందులో పెద్ద తేడా ఉందని నేననుకోను. తేడా అంతా ఆ గంటలో, ఆ తేదీలో ఉంది.

డబ్బు మాట్లాడేముందు ఇవి అడగండి. రెండో విడత ధరలో కలిసి ఉందా, పది నుంచి పదిహేను రోజుల మధ్య వస్తారా? కొట్టే మందు పేరు ఏంటి, పైరెత్రాయిడ్ ఒక్కటేనా, వేరే జాతి మందు కూడా ఉందా? పురుగుమందుల చట్టం 1968 కింద లైసెన్స్ ఉందా? మంచం, సోఫా విప్పి కొడతారా? ఎన్ని గంటలు బయట ఉండాలి? డబ్బా చూపించమనండి. మన దేశంలో ప్రతి పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పడగ్గదిలోకి ఎరుపు, పసుపు డబ్బా తెస్తే వెనక్కి పంపేయండి.

వాళ్లు వచ్చేలోపు బట్టలన్నీ కవర్లలో కట్టి, మంచాన్ని గోడకు దూరంగా జరిపి ఉంచాలి. వెళ్లాక రెండు వారాలు కొట్టిన అంచుల్ని తడిగుడ్డతో తుడవకండి.

## కవరు, గిన్నెలు

పరుపును ఆరు వైపులా మూసే జిప్ కవరు ఒకటి తొడిగితే లోపలున్నవి బయటికి రాలేవు, రక్తం లేక చస్తాయి. కొత్త పరుపు కొనే డబ్బుతో పోలిస్తే ఇది చాలా చవక. జిప్ కొన దగ్గర సందు లేకుండా టేపు వేయండి, ఏడాది వరకు విప్పకండి. తిండి లేకుండా నెలల తరబడి బతకడం నల్లికి అలవాటే.

మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా దోపి, నాలుగు కోళ్ల కింద నాలుగు ప్లాస్టిక్ గిన్నెలు పెడితే నల్లి మంచం ఎక్కాలన్నా దిగాలన్నా గిన్నెలో పడాలి. విదేశీ సలహాల్లో నున్నటి ప్లాస్టిక్ చాలంటారు. పైన చెప్పిన తేడా ఇక్కడే వస్తుంది. మన హెమిప్టెరస్ కాళ్లకు ఎక్కువ వెంట్రుకలుండి నున్నటి గోడను కూడా ఎక్కగలదు. అందుకని గిన్నె లోపల టాల్కం పౌడర్ పలచగా పూయండి, లేదా చీమలకు పెట్టినట్టు నీళ్లు పోసి రెండు చుక్కల సబ్బు కలపండి. రోజూ పొద్దున గిన్నెలు చూడటమే మీ లెక్కల పుస్తకం. ఏ పద్ధతి పనిచేస్తోందో అవే చెబుతాయి.

## పరుపు పారేయడం, ఇల్లు మారడం

కొత్త పరుపును పాత చట్రం మీద వేస్తే వారంలో పడతాయి. మేము వేశాం. పరుపు చిరిగి, లోపలంతా పాకి ఉంటే తప్ప పారేయకండి. పారేయాల్సి వస్తే కవర్లో చుట్టి, కోసేసి, "నల్లులున్నాయి" అని రాసి పెట్టండి. వీధిలో పెట్టిన పరుపును ఎవరో ఒకరు తప్పకుండా ఇంటికి తీసుకెళ్తారు.

ఇల్లు మారితే సామానుతో పాటు నల్లులూ మారతాయి.

## వీటి జోలికి వెళ్లకండి

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. ధాన్యం గోదాముల్లో వాడేవి. గాలిలోని చెమ్మ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. ఆ వాయువు తలుపు సందుల నుంచి, ఏసీ రంధ్రాల నుంచి పక్కింటికి పాకుతుంది. గల్ఫ్‌లో పక్క ఫ్లాట్‌లో ఎవరో నల్లుల కోసం ఈ బిళ్లలు పెడితే, గోడ అవతల నిద్రపోతున్న పిల్లలు చనిపోయారు. ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. మన దేశంలో ఇవి మామూలు జనానికి అమ్మకూడదు. ఎవరైనా కాగితంలో పొట్లం కట్టి "నల్లుల బిళ్ల" అని ఇస్తే తీసుకోకండి, గదిలో ఎవరైనా పెట్టారని తెలిస్తే వెంటనే అందర్నీ బయటికి తీసుకెళ్లండి.

డైక్లోర్వాస్, జనం నోట్లో నువాన్. 2020 డిసెంబర్ 31 నుంచి మన దేశంలో నిషేధం. పాత సీసా మిగిలి ఉన్నా వాడకండి. పొలానికి కొట్టే మందు ఏదైనా అంతే. కిరసనాయిలు, పెట్రోలు పూస్తే నల్లులకన్నా ముందు మంచం అంటుకుంటుంది.

## మీరు ఎవరైతే ఏది

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలకు గది మీద అధికారం ఉండదు, పక్క మంచానికి వైద్యం చేయలేరు. మీ మంచాన్ని దీవిలా చేసుకోండి: జిప్ కవరు, కోళ్ల కింద గిన్నెలు, గోడకు దూరం, బ్యాగు నేల మీద కాకుండా కట్టిన కవర్లో. ఇనుప మంచమైతే అతుకుల్లో మరుగునీళ్లు. వార్డెన్‌కు నలుగురు కలిసి చెప్పండి, ఒక్క గదికి కాదు, అంతస్తు మొత్తానికి కొట్టించమని అడగండి. ఇంటికి వెళ్లేటప్పుడు బట్టలన్నీ గుమ్మంలోనే వేడినీళ్లలో పడాలి.

పసిపిల్లలున్న అద్దె ఇంటివాళ్లకు నా సలహా ఆవిరి, కవరు, సందుల్లో పొడి, పన్నెండో రోజున మళ్లీ ఆవిరి. అది చాలకపోతేనే పెస్ట్ కంట్రోల్. ఓనరుకు మొదటి రోజే చెప్పండి, ఫొటోలు తీసి పెట్టండి.

అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాటు ఉండి రెండు గదులు దాటిందంటే నేరుగా పెస్ట్ కంట్రోల్, పైనా కిందా ఇళ్లలో కూడా వెతికించాలి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో చెప్పడానికి మొహమాటపడకండి. చెప్పాక తెలిసింది, మా పక్కవాళ్లు రెండు నెలలుగా మౌనంగా బాధపడుతున్నారు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లి క్యాంపుల్లో, బెడ్ స్పేస్‌లలో ఉంటున్న అన్నలకు: గిన్నెలు, కవరు, వేడినీళ్ల ఉతుకు. బిళ్లలు మాత్రం ఎవరు తెచ్చినా గదిలో పెట్టనివ్వకండి. సెలవుకు వచ్చేటప్పుడు పెట్టె కుట్లు చూసుకోండి.

అమెరికాకు చదువుకు వెళ్లిన పిల్లలు రోడ్డు పక్కన ఉచితంగా దొరికిన పరుపు తెచ్చుకోవద్దు. అక్కడ ఇళ్లలో డ్రయ్యర్ ఉంటుంది, అది పెద్ద వరం: ఎక్కువ వేడి మీద అరగంట తిప్పితే బట్టల్లోవన్నీ గుడ్లతో సహా చస్తాయి. గది మొత్తాన్ని హీటర్లతో వేడిచేసే సేవ కూడా దొరుకుతుంది. ఖరీదైనదే కానీ ఒక్కరోజులో గుడ్లతో సహా తేలుతుంది. ముందు ఇంటి యజమానికి రాతపూర్వకంగా తెలపండి.

## ఎప్పుడు పోయాయని అనుకోవాలి

ఆఖరి నల్లి కనబడ్డ రోజు నుంచి ఎనిమిది వారాలు లెక్కపెట్టండి. ఆ ఎనిమిది వారాలూ మనుషులు ఆ మంచం మీదే పడుకోవాలి, ఖాళీగా వదిలితే అవి ఆకలితో దాక్కుంటాయి తప్ప గిన్నెలో పడవు. కొత్త మచ్చ లేదు, గిన్నెలో ఏమీ లేదు, కుబుసం లేదు అంటే మామూలుగా ఉండొచ్చు. గిన్నెలు మాత్రం తీయకండి. మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, ఆదివారం దుప్పటి మార్చేటప్పుడు బాబే టార్చి పట్టుకుని నాలుగూ చూసి వస్తాడు.